పాత హాట్ హ్యాచ్‌బ్యాక్ కొంటున్నారా? పవర్ సంగతి చివర్లో చూద్దాం

నా మొదటి హాట్ హ్యాచ్ (బలమైన ఇంజన్ పెట్టిన చిన్న కారు) కొన్న మూడో వారానికే రీమ్యాప్ చేయించాను, అంటే పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించాను. ఐదో వారంలో ఒక ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 3 వేల నుంచి 5 వేలకు ఎగిరింది, కారు మాత్రం అదే వేగంతో పోతోంది. క్లచ్ జారుతోందన్నమాట. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్ దింపాక, ఇంజన్ వెనక సీల్ నుంచి ఆయిల్ కారుతోందని, ఫ్లైవీల్ కూడా వదులైపోయిందని తేలింది. అవన్నీ కొనే రోజే కనిపెట్టగలిగేవే. నేను చూడలేదు, ఎందుకంటే నా ధ్యాసంతా ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందన్న దాని మీదే ఉంది. ఆ తర్వాత ఏ పాత కారు తెచ్చినా ఒక వరుసలోనే పని చేస్తున్నాను, అదే ఇక్కడ చెబుతున్నాను. మధ్యలోంచి చదివి నేరుగా రీమ్యాప్ దగ్గరికి దూకకండి, నాకు పట్టిన గతే పడుతుంది.

ఈ కార్లు ఎక్కడ అరుగుతాయంటే

1976లో వచ్చిన మొదటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐకి 1.6 లీటర్ల ఇంజన్, 110 హార్స్‌పవర్, బరువు 800 కిలోల పైచిలుకు. ఈ మధ్యకాలపు హోండా సివిక్ టైప్ ఆర్ 300 హార్స్‌పవర్ దాటింది, బరువూ 1,400 కిలోల దగ్గరికి వచ్చింది. లెక్క మాత్రం మారలేదు: ఇంటి అవసరాలకు తిరిగే చిన్న కారు ఒంట్లో దానికి మించిన ఇంజన్ పెట్టడం. వీటిలో ఎక్కువ వాటికి ముందు చక్రాలే కారును లాగుతాయి, తిప్పేదీ అవే, బ్రేకు బరువులో ఎక్కువ భాగం మోసేదీ అవే. కాబట్టి ముందు టైర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది చెయ్యికి ఉండే రబ్బరు ముక్కలు), ఇంజన్ కింది మౌంట్, ఇవి ముందుగా పోతాయి. ఇంకో సంగతి, కొత్తగా కొన్నవాళ్లు వీటిని బాగానే చూసుకుంటారు, రేటు పడిపోయాక కొన్న రెండో మూడో ఓనర్ దగ్గరే అసలు తేడా వస్తుంది. కారు కొనగలిగాడు కానీ దానికి వేయాల్సిన టైర్లు కొనలేకపోయాడు, అలాంటి ఓనర్ అన్నమాట.

కొనే ముందు: చల్లటి ఇంజన్, స్కానర్, టార్చ్

చూడ్డానికి వస్తున్నానని చెప్పేటప్పుడే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే వాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచారు, అంటే చల్లగా ఉన్నప్పుడు వచ్చే శబ్దం మీరు వినకూడదనుకున్నారేమో. కోపం తెచ్చుకోనక్కర్లేదు, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి చాలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు కదిలినట్టు గలగలమంటే టైమింగ్ చైన్ (వాల్వుల్ని సరైన సమయానికి నడిపే గొలుసు) గానీ దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ గానీ అలిసిపోయి ఉండొచ్చు. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, కారణం వాల్వ్ సీల్స్ గానీ టర్బో గానీ పిస్టన్ రింగులు గానీ కావచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది, అక్కడితో బేరం ఆపేయండి.

తర్వాత ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివేది) పెట్టండి. ఫోన్‌కి కలిసే చిన్నది ఒకటి చాలు. కోడ్లు లేవు కదా అని సంతోషపడిపోకండి, రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడండి. కోడ్లు చెరిపేసిన తర్వాత అవి మళ్లీ పూర్తవడానికి కొంత దూరం, కొన్ని రకాల డ్రైవింగ్ పడుతుంది. అవి సగం సగంగా ఉంటే ఎవరో ఈ మధ్యే చెరిపారు, లేదంటే బ్యాటరీ తీశారు. ఎందుకని అడగండి. జవాబు కన్నా ముందు ముఖం చూడండి.

టైర్ల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చుంటాను. పక్కన డాట్ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ నాలుగు రకాలు, అందులో రెండు ఏడేళ్ల కిందటివి అయితే సర్వీస్ బుక్‌లో ఎన్ని స్టాంపులున్నా నేను నమ్మను. 200 హార్స్‌పవర్ కారుకి అలాంటి టైర్లు వేసినవాడు లోపల ఆయిల్ ఏది పోశాడో ఊహించుకోవచ్చు. లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే అలైన్‌మెంట్ తప్పింది, లేదా బుష్‌లు పోయాయి, లేదా ఎవరో పొట్టి స్ప్రింగులు వేసి కారు ఎత్తు తగ్గించి అలైన్‌మెంట్ చేయించకుండా వదిలేశారు.

నడిపి చూసేటప్పుడు క్లచ్ పరీక్ష ఇలా చేయండి: ఇంజన్ వేడెక్కాక, రోడ్డు ఖాళీగా ఉన్నచోట, నాలుగో గేరులో 2,500 దగ్గర్నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరగాలి. రెండు నుంచి మూడుకు వేగంగా వేస్తే కర్రుమంటే సింక్రో (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగు) అరిగింది. స్టీరింగ్ చెయ్యి జారి పక్కకు లాగినట్టయితే, అందులో కొంత ఈ కార్ల సహజ గుణం, టార్క్ స్టీర్ అంటారు. అయితే తొక్కినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు ఇంకోవైపు పోతుంటే బుష్‌లు చూడాల్సిందే.

అప్పటికే మాడిఫై చేసిన కారైతే అనుమానం రెట్టింపు చేసుకోండి. కత్తిరించి టేపు చుట్టిన వైర్లు, రకరకాల క్లాంపులు, మూలలు అరిగిన నట్లు, ఇవే అసలు సర్వీస్ చరిత్ర. "చిప్ ఒక్కటే చేయించాను" అంటే రీమ్యాప్ అన్నమాట, ఎవరు చేశారు, ఏ సాఫ్ట్‌వేర్ ఫైల్, కాగితం ఉందా అని అడగండి, తీసేసిన ఒరిజినల్ పార్టులు ఇస్తారా అని కూడా అడగండి. పార్టులు దాచుకున్నవాడు సాధారణంగా కారునూ బాగా చూసుకుని ఉంటాడు.

మోడల్ రోగాలు కూడా ముందే తెలుసుకుని వెళ్లాలి. మార్క్ 5, అంటే ఐదో తరం గోల్ఫ్ జీటీఐలో వచ్చిన ఈఏ113 రకం 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజన్‌లో హై ప్రెషర్ ఫ్యూయల్ పంపుకీ క్యామ్‌షాఫ్ట్‌కీ మధ్య క్యామ్ ఫాలోవర్ అని చిన్న గిన్నెలాంటి ముక్క ఉంటుంది, అది అరిగి చిల్లు పడితే పంపునీ క్యామ్‌నీ తినేస్తుంది. ముక్క చిన్నది, విప్పి చూడ్డం కూడా పెద్ద పని కాదు, అయినా చాలామంది చూడరు. రెండో తరం మినీ కూపర్ ఎస్ మొదటి టర్బో ఇంజన్లకు టైమింగ్ చైన్ టెన్షనర్ బలహీనత. 2016, 2017 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో కొన్నిటికి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) సమస్య వచ్చి కంపెనీయే ఉచితంగా మార్చింది, మీరు చూస్తున్న కారుకు అది జరిగిందో లేదో కాగితం అడగాలి. టైమింగ్ చైన్ బదులు బెల్టుతో నడిచే ఇంజన్లలో "కిలోమీటర్లు చాలా తక్కువ తిరిగింది సార్" అనే మాటకు పడిపోకండి, బెల్టుకు కిలోమీటర్లతో పాటు వయసు పరిమితి కూడా ఉంటుంది. చివరిగా, డబ్బు ఇచ్చే ముందు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే ఎంత మెరిసే కారైనా వదిలేసి రండి.

మొదటి నెల: సర్వీసు సున్నా నుంచి

బుక్‌లో ఏం రాసి ఉన్నా ఏదీ చేయలేదనే అనుకోండి. ఒక నోట్‌బుక్ తీసుకుని తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఏ నంబరు పార్టు అని రాయడం మొదలుపెట్టండి.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మొదటి వారాంతంలోనే. డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని (అది ఆయిల్ చిక్కదనం గ్రేడు) ఉంటే సరిపోదు, ఓనర్ మాన్యువల్‌లో ఉన్న కంపెనీ అప్రూవల్ నంబరు, అంటే వీడబ్ల్యూ 502 00 లాంటిది, డబ్బా వెనక ఉందో లేదో చూడండి. లాంగ్ లైఫ్ పేరుతో కొన్ని కంపెనీలు 30,000 కిలోమీటర్ల దాకా పోవచ్చని రాశాయి. కొత్త కారు, మెల్లగా హైవే మీద తిరిగేది అయితే ఏమో గానీ, గట్టిగా తొక్కే పాత టర్బో కారుకు నేను 8,000 దాటనివ్వను, తక్కువ తిరిగినా ఏడాదికోసారి మారుస్తాను. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఈ ఇంజన్లు కొంత ఆయిల్ తాగడం మామూలే, మీది ఎంత తాగుతుందో నోట్‌బుక్‌లో ఉంటే అది పెరిగిన రోజు మీకే తెలిసిపోతుంది. పాత ఆయిల్ దింపేటప్పుడు దాని వాసన కూడా చూడండి, పెట్రోలు వాసన గాఢంగా వస్తే చిన్న చిన్న దూరాలు ఎక్కువ తిరుగుతున్నట్టు, ఇంకా త్వరగా మార్చాలి.

ఒక్క హెచ్చరిక, ఇది సరదాకు కాదు: జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి తల పెట్టకండి. స్టాండ్లు పెట్టి, కారును ఒకసారి ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి.

బ్రేక్ ఫ్లూయిడ్ అందరూ మర్చిపోయేది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు చేరాక ఆ కనీసం 155కి పడిపోతుంది. కొండ దారిలో దిగుతూ వరసగా బ్రేకులు కొడితే క్యాలిపర్‌లో ఆ వేడి వచ్చేస్తుంది, ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అప్పుడు మీ దగ్గర ఎంత పెద్ద డిస్కులున్నా లాభం లేదు. రెండేళ్లకోసారి మార్చండి, గట్టిగా నడిపేవాళ్లయితే ఏడాదికోసారి. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ రకం, దాన్ని ఇందులో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది. పేర్లు పెట్టినవాడికి దండం పెట్టాలి.

స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ ఇవన్నీ ఇదే నెలలో. ఫోక్స్‌వాగన్ ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, మార్చిన కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క.

టర్బో కారు పికప్ తగ్గిందనిపిస్తే టర్బో పోయిందని భయపడకండి. ముందు గాలి లీకులు చూడండి. పదేళ్లు ఎండకీ వేడికీ ఉడికిన రబ్బరు హోస్, చిరిగిన డైవర్టర్ వాల్వ్ (కాలు తీసినప్పుడు టర్బో గాలిని వెనక్కి మళ్లించేది) పొర, వదులైన క్లాంపు, పది కార్లలో ఎనిమిదింటికి రోగం ఇక్కడే ఉంటుందని నా అనుభవం. పొగ పంపి లీకు పట్టే యంత్రం ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్తే అరగంటలో తేలిపోతుంది. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె) సున్నాకి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే బాగున్నట్టు, ప్లస్ 10 దాటితే ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడిగేవాళ్లు లేరు, అక్కడ మసి పేరుకుంటుంది. పొద్దున్నే ఇంజన్ వణుకుతూ స్టార్ట్ అయితే దాన్నీ అనుమానించాలి. అక్రోట్ పెంకు పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు, పెట్రోల్‌లో కలిపే సీసాల మందు అక్కడిదాకా చేరదు, డబ్బు దండగ.

నడిపే అలవాటు

కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకో ఐదు పది నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా 3,000 ఆర్‌పీఎం దాటకండి. గట్టిగా తొక్కి వచ్చాక చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే టర్బో చల్లబడుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటుంది: ఆరో గేరులో 1,500 దగ్గర ఉండి పూర్తిగా తొక్కడం. చిన్న టర్బో ఇంజన్లలో అలా చేస్తే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. గేరు దించండి, అందుకే కదా ఈ కారు కొన్నది.

ఇక మార్పులు, ముందు రోడ్డుకు అంటేవి

మొదటి మార్పు మంచి టైర్లు. ఇంకేదీ కాదు. నాలుగూ ఒకే రకం. ఒక సెట్ మంచి టైర్లతో బ్రేకు దూరం, మలుపు, వానలో పట్టు, స్టీరింగ్ స్పర్శ అన్నీ ఒకేసారి మారతాయి, అలాంటిది ఇంకే పార్టూ చేయదు.

రెండోది బ్రేకులు. పెద్ద క్యాలిపర్లు ఇప్పుడే వద్దు. కొత్త ఫ్లూయిడ్ ఎలాగూ పోశారు, మంచి ప్యాడ్లు వేసి వాటిని సరిగ్గా కుదురు చేయండి: ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 30కి ఎనిమిది పదిసార్లు ఓ మాదిరి గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి, తర్వాత బ్రేకు తొక్కకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లబడనివ్వండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఆగితే అక్కడ మరక పడుతుంది, తర్వాత అందరూ "డిస్కు వంగింది" అనేది చాలావరకు ఆ మరకే. రేసు ట్రాక్ ప్యాడ్లు రోజువారీ కారుకు వేయకండి, చల్లగా ఉన్నప్పుడు అవి పట్టవు, పైగా కీచుమంటాయి.

మూడోది సస్పెన్షన్, ఇక్కడ నా మాట చాలామందికి నచ్చదు. స్ప్రింగులు తగ్గించే ముందు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, టాప్ మౌంట్లు కొత్తవి ఒరిజినల్ రకమే వేసి ఒక వారం నడపండి. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు ఇది చేస్తే ఫ్యాక్టరీలో ఇంజనీర్లు ఏం అనుకుని చేశారో అప్పుడు తెలుస్తుంది, సగంమందికి ఇక పొట్టి స్ప్రింగులు అక్కర్లేదు. తగ్గించాలనే ఉంటే 25, 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగండి. అంతకు మించితే ప్రతి గుంతకూ సస్పెన్షన్ బంప్ స్టాపుల (చివర్లో తగిలే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటుంది, లోయర్ ఆర్మ్ కోణం పాడై మలుపులో పట్టు పెరగడం పోయి తగ్గుతుంది. మలుపులో ముక్కు బయటికి నెట్టుకుపోతోందనిపిస్తే వెనక యాంటీ రోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) కాస్త గట్టిది వేయొచ్చు. అయితే మరీ గట్టిదైతే మలుపు మధ్యలో ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీసిన క్షణంలో వెనక భాగం తిరిగిపోతుంది, పాత ప్యూజో 205 జీటీఐ ఈ గుణంతోనే పేరు మోసింది. ఏది ముట్టుకున్నా చివర అలైన్‌మెంట్ తప్పనిసరి, ముందు చక్రాలకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీల నెగటివ్ క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలడం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) దాదాపు సున్నా అనేది రోడ్డుకు నాకు నచ్చిన లెక్క.

చక్రాలు మారిస్తే పీసీడీ (బోల్టుల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం), ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో), సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) మూడూ సరిపోవాలి. మార్క్ 5 గోల్ఫ్‌కు 5x112, సెంటర్ బోర్ 57.1 మిల్లీమీటర్లు. బోర్ పెద్దదైతే ఆ ఖాళీ పూడ్చే రింగులు వేయకపోతే వేగం మీద స్టీరింగ్ వణుకుతుంది. రిమ్ సైజు పెంచడం కన్నా బరువు తగ్గించడం మేలు. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించి, ఓ 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి.

చివరగా పవర్

ఇంజన్ బాగుంది, లీకులు లేవు, క్లచ్ పట్టు ఉంది, టైర్లు బ్రేకులు అయ్యాయి. ఇప్పుడు రీమ్యాప్. 200 హార్స్‌పవర్ ఉన్న 2.0 టర్బో ఇంజన్ సాఫ్ట్‌వేర్ ఒక్కదానితో 240, 250 దాకా రావడం మామూలే. టర్బో లేని ఇంజన్‌కు అదే రీమ్యాప్ చేయిస్తే వచ్చేది పిసరంత, దానికి ఆ డబ్బు పెట్టకండి. టర్బో కారులో అసలు పెరిగేది టార్క్, క్లచ్‌ను చంపేదీ అదే. అందుకే చేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు గరిష్ఠ హార్స్‌పవర్ ఎంతని కాకుండా 2,500 దగ్గర టార్క్ ఎంత వేస్తున్నారని అడగండి, తక్కువ ఆర్‌పీఎంలో కాస్త తగ్గించి ఇమ్మంటే ఇస్తారు, క్లచ్ ఏళ్లు బతుకుతుంది. చేసే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లాగ్ (నడుపుతుండగా ఇంజన్ అంకెల రికార్డు) తీయించండి. నాక్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం) వల్ల ఇగ్నిషన్ ఎంత వెనక్కి పోతోంది, లోపలికి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉంది అనే రెండు గీతలు చూస్తే చాలు. వరసగా రెండు మూడుసార్లు తొక్కేసరికి గాలి వేడి పెరిగిపోతుంటే తర్వాత కొనాల్సింది పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది). రీమ్యాప్ ఫైల్ 98 ఆక్టేన్‌కు (నాక్‌ను ఎక్కువ తట్టుకునే పెట్రోలుకు) రాసి ఉంటే ఆ పెట్రోలే పోయాలి, దొరకనిచోట ఉంటే తక్కువ ఆక్టేన్ ఫైలే అడగండి.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించేది) తీసేసే డౌన్‌పైప్ (టర్బో నుంచి వచ్చే పొగ గొట్టం) జోలికి నేను పోను, చాలా దేశాల్లో రోడ్డు మీద అది చట్టవిరుద్ధం, వాసనకు మీకే తలనొప్పి వస్తుంది. ఇంజన్ గదిలోంచే వేడి గాలి పీల్చే కోన్ ఫిల్టర్ చప్పుడు పెంచుతుంది తప్ప పని చేయదు. గాలి కొలిచే సెన్సర్ ఉన్న కారుకు బయటికి బుస్సుమనే వాల్వ్ పెడితే కొలిచిన గాలి బయటికి పోయి ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువైపోతుంది. కాలు తీస్తే టపటపమనే మ్యాపులంటారా, అక్కడ పేలేది మీ డబ్బే.

చేసిన ప్రతి మార్పూ ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు వాళ్లు క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టు. విప్పిన ఒరిజినల్ పార్టులు, బోల్టులతో సహా, ఏది ఎక్కడిదో చీటీ అంటించి ఒక డబ్బాలో పెట్టండి. అమ్మే రోజు స్ప్రింగులు, ఎగ్జాస్ట్, చక్రాలు మళ్లీ పాతవి బిగించేసి కొత్తవి విడిగా అమ్ముకోండి. కారుతో కలిపి అమ్మితే వాటికి పెట్టిన డబ్బులో పావు వంతు కూడా రాదు. నోట్‌బుక్ మాత్రం కారుతోనే ఇవ్వండి, కొనేవాడు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేలోపు అది చేతికి అందించండి.